అంబ్రీన్ ముఖం

పెళ్లిచూపుల రోజున అంబ్రీన్ ముఖం మీది వెంట్రుకలు తీయించుకోనని మొండికేసింది.

తల్లి లతీఫున్నీసా దారపు రీలు, పౌడరు డబ్బా ముందర పెట్టుకుని పొద్దుటి నుంచి బతిమాలుతోంది. జమ్మికుంటలో పత్తి మార్కెట్ యార్డుకు పోయే తోవలో వాళ్ల పరుపుల దుకాణం. దుకాణం వెనకే ఇల్లు. హుజూరాబాద్ వాళ్లు మధ్యాహ్నం నమాజు అయ్యాక వస్తామని కబురు చేశారు.

"జర చెంపలన్న తీపిచ్చుకో బిడ్డా. నుదురు దుపట్టల దాగుతది."

"ఎన్నొద్దులు దాగుతది అమ్మీ? నిఖా అయినంక చూడనే చూస్తడు. ఆ చూసేదేదో ఇయ్యాల్నే చూడనియ్యి."

అంబ్రీన్‌కు పుట్టుకతోనే ఒంటినిండా వెంట్రుకలు. తలజుట్టు నుదుటి మీదుగా దిగివచ్చి కనుబొమల్లో కలిసేది. చెంపల మీద, చేతుల మీద, వీపు మీద నల్లగా, మెత్తగా ఒత్తుగా ఉండేవి. ముక్కు వెడల్పు, పెదవులు లావు, ఎముక గట్టిది. బడి పిల్లలు పెట్టిన పేర్లను ఆమె ఎన్నడూ నోటితో పలకలేదు, ఇక్కడ కూడా వాటితో పని లేదు. ఏడో తరగతిలో ఆ పేర్లు వినలేక బడి మానేసి తండ్రి పక్కన దుకాణంలో కూర్చుంది.

తండ్రి బాబు మియా మిషను మీద దూది ఏకుతాడు. ఏకిన దూదిని గలేబు గుడ్డ సంచిలో సమంగా పరిచి, పొడుగాటి సూదితో రజాయి కుట్టడం అంబ్రీన్ పని. ఆమె చేతుల్లో బలం ఎక్కువ. మందంగా దూది నింపిన రజాయిని కూడా కుదురుగా, గట్టిగా కుట్టేది. చలికాలం ముందర చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పాత బొంతలు మూట కట్టుకొచ్చి, "పొల్లతోనే కుట్టియ్యి మియా" అని చెప్పి పోయేవాళ్లు. మూటలు తెచ్చిన ఆడవాళ్లు కాసేపు ఆమెను చూసి, తర్వాత దూది లెక్కల్లో పడిపోయేవాళ్లు. దుకాణం ఆమెకు బడి కంటే నయమనిపించింది.

హుజూరాబాద్ నుంచి వచ్చింది ఇద్దరే. నదీమ్, అతని అక్క రుబీనా. తల్లిదండ్రులు లేకపోవడంతో రుబీనాయే తమ్ముణ్ని పెంచింది. నదీమ్‌ది మోటారు వైండింగ్ దుకాణం. రైతుల బావుల్లో, బోర్లలో కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టి మళ్లీ తిప్పడం అతని పని.

అంబ్రీన్ చాయ్ తెచ్చి వాళ్ల ముందర పెట్టి, దుపట్టా నుదుటి మీదికి లాక్కోకుండా ఎదురుగా కూర్చుంది. రుబీనా ఎత్తిన కప్పు మళ్లీ కింద పెట్టింది.

"ఫోటోల గిట్ల లేదు గదా," అంది.

"ఫోటో స్టూడియోల దిగినం ఆపా. వాళ్లే సాఫ్ చేసిన్రు. నేను పుట్టినప్పటి సంది గిట్లనే ఉన్న."

బాబు మియా తల దించుకున్నాడు. అప్పుడు నదీమ్ నోరు విప్పాడు.

"దీనితోని నీకేమన్న తకలీఫ్ ఉంటదా? నొప్పి గిట్ల?"

అంబ్రీన్ అతని వైపు చూసింది. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు.

"వెంట్రుకలతోని ఏం లేదు. నెత్తి నొస్తది. నొచ్చిందంటే కండ్లు తెరువలేను."

"డాక్టరుకు చూపెట్టలేదా?"

"చూపెట్టినం. డాక్టర్లు గూడ వెంట్రుకలే చూస్తరు."

తిరుగు బస్సులో రుబీనా తమ్ముడితో గట్టిగానే మాట్లాడింది. దునియాలో పిల్లలే దొరకలేదా అంది. నదీమ్ కిటికీలోంచి చూస్తూ కాసేపు విన్నాడు.

"ఆపా, నా దుకాణంల దినామూ ఏమింటనో నీకెర్కేనా? 'నేనేం చెయ్యలే నదీమ్, మోటర్ దానంతటదే కాలింది' అంటరు. అబద్ధాలు విని విని యాష్టకొచ్చిన. గా పొల్ల ఒక్క అబద్ధం చెప్పలే."

ఆ చలికాలం పోయేలోపే నిఖా అయింది.

*

అంబ్రీన్ ఎందుకలా పుట్టిందో ఆ ఇంట్లో ఒక కథ ఉండేది. ఆమె కడుపులో ఉన్నప్పుడు లతీఫున్నీసా మొక్కు తీర్చుకోవడానికి వేములవాడ పోయింది. అక్కడ గుడి ప్రాకారంలోని దర్గా ముందర నిలబడి ఉండగా ఒక కోతి మీదికి దూకి చేతిలో చక్కెర పొట్లం లాక్కుపోయింది. ఆమె హడలిపోయి కింద పడింది. బిడ్డ పుట్టగానే మంత్రసాని చేతుల్లోని పసిముఖం చూసి అత్తగారు అన్న మొదటి మాట, "కోతిని చూసి బెదిరింది, కోతి లెక్కనే కన్నది." అత్తగారు పోయి చాలా ఏళ్లయినా ఆ మాట పోలేదు. లతీఫున్నీసా దాన్ని ఎవరితోనూ వాదించలేదు. తానే నమ్మింది. కూతురి తల దువ్వేటప్పుడల్లా ఆమె చేతులు మరీ మెత్తగా కదిలేవి, ఏదో తప్పుకు మన్నింపు అడుగుతున్నట్టు.

పుట్టినప్పుడు అంబ్రీన్ బాగా బరువున్న బిడ్డ. కొన్నాళ్లకు ఊపిరి ఎగపోస్తుంటే హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పుట్టాక మూసుకుపోవలసిన నాళం ఒకటి గుండె దగ్గర మూసుకోలేదని చెప్పి ఆపరేషన్ చేశారు. గుండె సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నారు. వెంట్రుకల సంగతి కోతి ఖాతాలో పోయింది. రెంటికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

పెళ్లయ్యాక హుజూరాబాద్‌లో నదీమ్ దుకాణం పక్క గదిలోనే అంబ్రీన్ రజాయిల పని పెట్టుకుంది. ఒక గదిలో మోటార్లు, ఒక గదిలో దూది. దూది పోగులు వచ్చి మోటార్ల తీగకు పూసిన తడి వార్నిష్ మీద వాలుతున్నాయని నదీమ్ మధ్యలో ఒక పరదా కట్టాడు. నెత్తినొప్పి వచ్చిన రోజున ఆమె షాబాదు బండల మీద బోర్లా పడుకుని నుదురు చల్లటి రాయికి ఆనించేది. నదీమ్ షట్టరు సగం దించి, వచ్చినవాళ్లతో గుసగుసగా మాట్లాడి పంపేవాడు.

రెండేళ్లకు కొడుకు పుట్టాడు. ముకర్రం అని పేరు పెట్టారు. వాడి నుదుటి మీద, భుజాల మీద, వీపు నిండా నల్లటి జుట్టు.

బిడ్డను చేతికివ్వగానే అంబ్రీన్ మొదట వాడి చెంప నిమిరింది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. లతీఫున్నీసా మనవణ్ని ఎత్తుకుని ఏడుస్తుంటే రుబీనాయే ధైర్యం చెప్పింది.

"మొగపిల్లగాడు. వెంట్రుకలుంటే ఏమైతది? రేపు మీసాలొస్తే అందులనే కలుస్తయి. ఎవరు అడుగుతరు?"

ఆ మాట ఇంటిల్లిపాదికీ బాగా నచ్చింది. ఎంత నచ్చిందంటే మిగతావేవీ ఎవరూ చూడలేదు. సాయంత్రమయ్యేసరికి వాడి పాదాలు ఉబ్బుతుండేవి. బొద్దుగా ఉన్నాడన్నారు. నాలుగడుగులు ఉరికితే ఆయాసపడేవాడు. బద్ధకమన్నారు. ఒకనాడు అంబ్రీన్ జమ్మికుంట పోయి వచ్చేసరికి రుబీనా మేనల్లుడి నుదురు బ్లేడుతో నున్నగా గీసి, నూనె రాసి కూర్చోబెట్టింది. ముద్దొస్తున్నాడని మురిసిపోతోంది.

"ఎందుకు గీకినవ్ ఆపా?"

"సాఫ్ చేసిన. తప్పేంది?"

"వానికి వాడు సాఫ్‌గనే ఉన్నడు."

ఆ తర్వాత కొన్నాళ్లు ఇద్దరూ ముభావంగానే ఉన్నారు.

ముకర్రంకు మాటలు బాగానే వచ్చాయి. బావి, బోరు, తీగ, స్విచ్ అన్నీ చెప్పేవాడు. ఒకనాటి పొద్దున ఆడుతూ ఆడుతూ ఆపేసి, గదిలో ఉన్న ఇనుప బీరువా దగ్గరికి పోయి, నుదురు దాని తలుపుకు ఆనించి నిలబడ్డాడు. ఏడవలేదు. కళ్లు మూసుకుని అట్లాగే నిలబడ్డాడు. రుబీనా చూసి, "దాగుడుమూతలాడుతుండు," అని నవ్వింది.

అంబ్రీన్ నవ్వలేదు. సూది రజాయిలోనే గుచ్చి లేచింది. ఇనుము చల్లదనం నుదుటికి తగిలితే ఎట్లా ఉంటుందో ఆ ఇంట్లో ఆమెకొక్కతికే తెలుసు.

"ముకర్రం, నెత్తి నొస్తుందా?"

వాడు బీరువా మీది నుంచి తల తీయకుండానే ఊపాడు.

"నదీమ్, షట్టర్ గుంజు. కరీంనగర్ పోదాం."

*

కరీంనగర్‌లో పిల్లల డాక్టరు ఆమని అప్పటికి ప్రాక్టీసు పెట్టి ఎక్కువ కాలం కాలేదు. ముకర్రం గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. పాదాలు నొక్కి చూసింది. కనుబొమలు, ముక్కు, చేతుల మీది జుట్టు చూసింది. తర్వాత తల ఎత్తి అంబ్రీన్ ముఖాన్ని చూస్తూ ఉండిపోయింది.

అంబ్రీన్‌కు ఒళ్లు మండింది.

"ఏం చూస్తున్రు మేడమ్? బాబుకు చూపెట్టనీకి వచ్చినం. నాకు కాదు."

"మాఫ్ చెయ్యమ్మా," అంది ఆమని వెంటనే. "నీ ముఖంల బాబు ముఖం కనపడుతుంది. అందుకే చూసిన. నీకు చిన్నప్పుడు గుండెకు ఏమన్న ఆపరేషన్ అయిందా?"

అంబ్రీన్, నదీమ్ ముఖాలు చూసుకున్నారు.

"అయింది. మీకెట్ల తెలుసు?"

"నెత్తినొప్పి నీకు గూడ ఉన్నదా?"

"ఉన్నది."

డాక్టరు కలం కింద పెట్టింది. చదువుకునే రోజుల్లో ఇట్లాంటి పిల్లవాడి ఫోటో ఒకటి పాఠంలో చూశాననీ, అదే అయితే గుండె, నెత్తినొప్పి, కాళ్ల వాపు, వెంట్రుకలు అన్నీ ఒక్క చెట్టు కొమ్మలేననీ చెప్పింది. అదే అని తాను ఖాయంగా అనలేనంది. హైదరాబాద్‌లో జన్యువుల డాక్టరు విద్యాధర్ ఉన్నాడు, రక్తం పరీక్ష చేయిస్తే తేలుతుందంది. స్కానింగ్‌లో ముకర్రం గుండె ఉండవలసిన దానికంటే పెద్దగా కనిపించింది.

అంబ్రీన్, ముకర్రం, వాళ్లతో పాటు బాబు మియా, లతీఫున్నీసా కూడా రక్తం ఇచ్చారు. సూది చూసి భయపడిన బాబు మియాను మనవడే చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. తల్లీకొడుకుల మెదళ్లకు స్కానింగ్ తీశారు. ఫలితం రావడానికి చాలా వారాలు పట్టింది. ఆ వారాల్లో అంబ్రీన్ కుట్టిన రజాయిల్లో రెండు మూడు వంకరపోయాయి. విప్పి మళ్లీ కుట్టింది.

ఫలితం వచ్చిన రోజున అందరూ హైదరాబాద్ పోయారు. రుబీనా కూడా వస్తానంది. విద్యాధర్‌ది కరీంనగరే కావడంతో మాట పరాయిగా అనిపించలేదు. అతను ముందు కంప్యూటర్ తెర వాళ్ల వైపు తిప్పాడు. అందులో ఒక చేపపిల్ల. నిజానికి కనురెప్ప వెంట్రుకంత కూడా ఉండదు, తెర మీద పెద్దగా, గాజులాగా ఒంటి లోపలంతా కనపడుతోంది. తలలో రక్తనాళాలు ఎర్రగా వెలుగుతున్నాయి. వాటిని పట్టుకుని అక్కడక్కడా పచ్చటి కణాలు.

"చేప!" అన్నాడు ముకర్రం.

"చేపనే. దీని మెదడు బయటికే కనపడుతది గనక నాళాలు ఎట్ల పెరుగుతయో శాస్త్రవేత్తలు దీనిల చూస్తరు," అన్నాడు విద్యాధర్. "గీ పచ్చటివి చూడుండ్రి. రక్తనాళాన్ని చుట్టూత పట్టుకొని ఉంటయి. మొదట్ల ఇవి ఇంకా ఏ పని నేర్వని పిల్లల అసొంటియి. ముందటికి పోయినా కొద్ది కొన్ని కండ కణాలైతయి. నాళాన్ని బిగబట్టుడు, వదులుడు వాటి పని. మెదడుల ఏ జాగ పనిచేస్తే ఆ జాగకు రక్తం సరిగ్గా పోవాలంటే అవి మంచిగ తయారు కావాలె."

"మా బాబుకు అవి లెవ్వా సార్?" అన్నాడు నదీమ్.

"ఉన్నయి. గని చెప్త విను. ప్రతి కణానికి గోడ ఉంటది, గోడకు సన్న సన్న తలుపులుంటయి. ఒక రకం తలుపులకెల్లి పొటాషియం బయటికి పోతది. పొటాషియం అంటే ఒక లవణం. ఆ తలుపు ఎంత తెరుచుకుంటదో దాన్నిబట్టి కణం లోపల కాల్షియం పెరుగుతది, తగ్గుతది, మళ్లీ పెరుగుతది. ఆ పెరుగుడు తగ్గుడే కణానికి సైగ. దాన్నిబట్టే అది కండ కణం కావాల్నా, ఇంక ఆగాల్నా అన్నది నడుస్తది. చేపలల్ల, ఎలుకలల్ల చూసిన్రు. తలుపు పనిచెయ్యకుంట చేస్తే మెదడుల కండ కణాలు సరిగ తయారు కాలే. తలుపు ఎక్కువ తెరిచిపెడితే ఎక్కువ తయారైనయి. రెండు తీర్ల గూడ లెక్క తప్పుతది."

"మా తలుపు?" అంది అంబ్రీన్.

"మీ ఇద్దరిది సరిగ మూసుకుంటలేదు. ఆ తలుపును తయారుచేసే జన్యువుల ఒక్క అక్షరం మారింది. గదే తలుపు గుండెల ఉంటది, ఒంట్ల నాళాలల్ల ఉంటది. వెంట్రుకలు పెరిగేటందుకు గూడ దానితోని సంబంధం ఉన్నది. మెదడు స్కానింగ్‌ల మీ నాళాలు కొద్దిగ వెడల్పుగ, వంకరటింకరగ ఉన్నయి. నెత్తినొప్పి దానికెల్లే కావచ్చు."

నదీమ్ ముందుకు వంగాడు. "అంటే పైపు అడుగున ఫుట్‌వాల్వ్ మూసుకోని మోటర్ లెక్కనా సార్? నీళ్లు నిలువయి?"

"సగం గట్లనే," అని విద్యాధర్ నవ్వాడు. "గని నీ మోటర్‌కు పైపులు ముందే ఉంటయి, వాల్వ్ పోతే కొత్తది బిగిస్తవ్. ఇక్కడ పైపులు తయారు కావుట్లనే వాల్వ్ చెయ్యి ఉన్నది. అందుకే ఇది గమ్మత్తు, అందుకే కష్టం. మాకు గూడ అంతా తెల్వదు. తెలిసింది చెప్తున్న."

అప్పటిదాకా మూల కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్న లతీఫున్నీసా మెల్లగా అడిగింది.

"సార్, మరి కోతి?"

విద్యాధర్‌కు అర్థం కాలేదు. అంబ్రీన్ తల్లి భుజం మీద చేయి వేసి కథంతా చెప్పింది. దర్గా, చక్కెర పొట్లం, అత్తగారి మాట. డాక్టరు నవ్వుతాడని ఆమె భయపడింది. అతను నవ్వలేదు. కుర్చీ లాక్కుని ముసలామెకు ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, నీ రక్తం చూసినం, మియా రక్తం చూసినం. మీ ఇద్దరిల గా మార్పు లేదు. బిడ్డ కడుపుల పడే గడియల ఆ ఒక్క అక్షరం దానంతటదే మారింది. నువ్వు కోతిని చూసే వరకే అది అయిపోయింది. నువ్వు బెదిరినా, బెదరకున్నా, వేములవాడ పోయినా, పోకున్నా బిడ్డ గిట్లనే పుట్టేది."

"నాతోని కాదా?"

"నీతోని కాదు. ఎవ్వలతోని కాదు."

లతీఫున్నీసా కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆగలేదు. బాబు మియా ఆమె పక్కన కూర్చుని, "ఇగ చాలు, ఇగ చాలు" అంటూ ఉండిపోయాడు. ఎక్కువ చెప్పడం అతనికి చేతకాదు. రుబీనా లేచి ముసలామెకు నీళ్లు తాగించి, అదే గ్లాసుతో అంబ్రీన్‌కు కూడా ఇచ్చింది. ఇస్తూ, "వాని నుదురు ఇంక గీకను," అని మాత్రం అంది.

*

మందు విషయం వచ్చేసరికి విద్యాధర్ చాలా జాగ్రత్తగా మాట్లాడాడు. ఈ తలుపును మూయగల గోలీ ఒకటి ఎప్పటి నుంచో ఉంది, అది షుగర్‌కు వాడే గ్లిబెన్‌క్లమైడ్, ఈ జబ్బున్న కొద్దిమందికి ఇచ్చి చూశారు, కొందరికి గుండె బరువు, వాపు తగ్గాయి అన్నాడు.

లతీఫున్నీసా ఉలిక్కిపడి సంచీ వెతికి తన షుగర్ మందుల డబ్బా తీసింది. "గీ గోలీయేనా సార్? నా డబ్బలనే ఉన్నది!"

"గదే," అన్నాడు విద్యాధర్, "గని గా డబ్బ మూత పెట్టుండ్రి. ఎన్నడూ నీ డబ్బకెల్లి బాబుకు పెట్టొద్దు. పిల్లగానికి షుగర్ లేదు గదా. చక్కెర పడిపోతే పాణం మీదికొస్తది. ఇస్తే దవాఖానల పెట్టుకొని, చక్కెర చూసుకుంట, రవ్వంతతోని మొదలుపెట్టాలె. చిన్నప్పుడే తయారైన నాళాలను ఇది మారుస్తదా అంటే నేను చెప్పలేను."

ఆ రాత్రి అంబ్రీన్, నదీమ్ ఆసుపత్రి ఎదురుగా ఉన్న హోటల్లో చాలాసేపు కూర్చుని ఆలోచించారు. పని చేస్తుందో లేదో తెలియని మందు. అయినా వాడి గుండె పెరుగుతూ పోతుంటే చూస్తూ ఊరుకోవడం ఎట్లా? చివరికి అంబ్రీన్ అంది, "వాళ్లు దగ్గరుండి చూసుకుంటమంటున్రు. చూద్దాం. నాకు గూడ ఇయ్యమని అడుగుత. వానికి ఎట్లనిపిస్తదో నాకు తెలువాలె." డాక్టర్లు తల్లికి మాత్రం అప్పుడే ఇవ్వలేదు. ముందు పిల్లవాడి సంగతి చూద్దామన్నారు.

ఆసుపత్రిలో మొదటి రోజులు బాగానే గడిచాయి. మోతాదు కొంచెం పెంచిన రోజున ముకర్రం చెమటలు పట్టి, మాట తడబడి, తల్లి ఒళ్లోకి వాలిపోయాడు. నర్సు పరిగెత్తుకొచ్చి చక్కెర నీళ్లు ఎక్కించింది. కాసేపటికి వాడు కళ్లు తెరిచి బిస్కెట్ అడిగాడు. అంబ్రీన్ మాత్రం ఇంటికి పోదామని మూట కట్టింది. ఆమని కరీంనగర్ నుంచి ఫోన్ చేసి మాట్లాడింది. నదీమ్ మాట్లాడాడు. మోతాదు తగ్గించి మళ్లీ మెల్లగా మొదలుపెట్టారు. అంబ్రీన్ మూట విప్పింది.

నెలలు గడిచాయి. సాయంత్రం పూట ముకర్రం చెప్పులు బిగుతు కావడం తగ్గింది. మొదట గమనించింది రుబీనా. కొత్త చెప్పులు వదులయ్యాయని దుకాణం వాడితో తగువు పెట్టుకుని, మధ్యలో తనకే అర్థమై నవ్వుకుంటూ వచ్చింది. స్కానింగ్‌లో గుండె కొద్దిగా తగ్గినట్టు కనిపించింది. నెత్తినొప్పి పూర్తిగా పోలేదు. వచ్చినా తొందరగా వదులుతోంది. అది మందు వల్లా, వయసు వల్లా అని అడిగితే, "సంతోషపడుండ్రి, గని ఇంక చూడాలె," అంటుంది ఆమని. జుట్టు ఎక్కడిదక్కడే ఉంది. దాని గురించి ఇంట్లో ఎవరూ అడగడం లేదు.

వాణ్ని బడిలో వేసేటప్పుడు అంబ్రీన్ తానే తీసుకుపోయింది. పంతులమ్మతో అన్నీ చెప్పింది. తల వాల్చేస్తే చక్కెర పెట్టాలని, బలవంతంగా ఉరికించొద్దని, నెత్తి నొస్తుందంటే నమ్మాలని. తలుపు బయట నిలబడి చూసింది. ఒక పిల్ల ముకర్రం చేయి పట్టుకుని, "గిన్ని ఎంటికెలు ఎందుకున్నయి?" అని అడిగింది. వాడు తడుముకోకుండా, "నా తలుపు తెరిచి ఉంటది," అన్నాడు. ఆ పిల్లకు అర్థమైందో లేదో గానీ, "మా బర్రెల కొట్టం తలుపు గూడ గంతే," అని వాణ్ని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

రెండో బిడ్డ సంగతి కూడా వాళ్లు విద్యాధర్‌ను అడిగారు. మళ్లీ ఇట్లాగే పుట్టే అవకాశం సగానికి సగమని చెప్పాడు. ఇంటికి వచ్చాక నదీమ్, "నీ ఇష్టం" అన్నాడు. అంబ్రీన్ ఇంకా ఏమీ తేల్చుకోలేదు. తనలాంటి బిడ్డ పుట్టడం పెద్ద ఆపద అని మునుపటిలా గట్టిగా అనలేకపోతోంది. అట్లాగని ఆ నెత్తినొప్పి ఇంకొకరికి ఇవ్వాలనీ లేదు.

*

మొన్న వానాకాలం చివర్లో డాక్టరు ఆమని ఫోన్ చేసింది.

"అంబ్రీన్, ఆదిలాబాద్ దవాఖానల నా దోస్తు పనిచేస్తది. ఆడ ఒక బాలింత ఉన్నది. వినోద అని, పల్లెటూరి పిల్ల. ఆమె బిడ్డకు గూడ ఒళ్లంతా ఎంటికెలు, గుండె దగ్గర నాళం మూసుకోలే. మీదే జబ్బో, ఇంకొకటో పరీక్ష ఇంక కాలే. గని ఆమె ఎవ్వలతోని మాట్లాడుత లేదట, బిడ్డ ముఖం ఎవ్వలకు చూపెడుత లేదట. డాక్టర్లు చెప్తే వింటలేదు. ఒక్కసారి పోయి కలుస్తవా?"

అంబ్రీన్ అంత దూరం ఒంటరిగా ఎప్పుడూ పోలేదు. బురఖా వేసుకుని, నఖాబ్ దించుకుని, కరీంనగర్‌లో ఆదిలాబాద్ బస్సు ఎక్కింది. ఒళ్లో ఒక చిన్న రజాయి, పసిబిడ్డకు సరిపోయేంత. దారిలో చేలన్నీ పత్తి పూత మీదున్నాయి. ఏం మాట్లాడాలో దారి పొడుగునా అనుకుంటూ పోయింది. తలుపులు, పొటాషియం, చేప. ఏదీ సరిగా వరుసకు రాలేదు.

వార్డులో వినోద గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఇరవై దాటిందో లేదో. బిడ్డను నెత్తి నుంచి కాళ్ల దాకా గుడ్డలో చుట్టేసింది. పక్కన ఆమె తల్లి కింద కూర్చుని ఉంది.

"ఎవలమ్మా?" అంది ముసలామె.

"జమ్మికుంట బిడ్డను. డాక్టరమ్మ పంపింది."

వినోద తిరగలేదు. "నేనెవ్వలకు చూపెట్ట. పొద్దటి సంది వచ్చుడు, చూసుడు, పోవుడు."

"నేను చూడనీకి రాలే," అంది అంబ్రీన్. "చూపెట్టనీకి వచ్చిన."

మంచం అంచున కూర్చుని నఖాబ్ పైకెత్తింది. బురఖా చేతులు మోచేతుల దాకా మడిచింది. వినోద తల తిప్పి చూసింది. చూస్తూనే ఉంది. నుదురు, చెంపలు, చేతులు. ముసలామె నోటి మీద చేయి పెట్టుకుంది.

"అక్కా," అంది వినోద చివరికి, "నీకు పెండ్లి అయిందా?"

"అయింది. కొడుకున్నడు. వాడు గూడ గిట్లనే. బడికి పోతుండు."

"ఇది నా తప్పు అంటున్రు అక్కా. గ్రహణం నాడు బయటకు పోయిన్నంట."

"మా అమ్మీని కోతి అన్నరు," అంది అంబ్రీన్. "రెండు గాదు. డాక్టర్లు రక్తంల చూసి చెప్పిన్రు. నీ బిడ్డదేందో ఇంక తెల్వదు, పరీక్ష చేపియ్యాలె. ఏదైనా గానీ నీ తప్పు మాత్రం కాదు. ముందు గుండెది చూపెట్టు. నాది గూడ చిన్నగున్నప్పుడే బాగు చేసిన్రు, చూడు, బస్సెక్కి ఒక్కదాన్ని వచ్చిన."

వినోద గుడ్డ మడతలు ఒక్కొక్కటే విప్పింది. లోపల ఆడపిల్ల నిద్ర లేచి ఉంది. నుదుటి నిండా నల్లటి మెత్తటి జుట్టు, పొడుగాటి కనురెప్పలు. అంబ్రీన్ దాన్ని చూడటానికి వంగింది. పాప చేయి చాపి ఆమె చెంప మీది వెంట్రుకలు గుప్పిట పట్టుకుని గట్టిగా లాగింది.

"అమ్మో! ఇడువే!" అంది అంబ్రీన్.

వినోద విడిపించబోయింది. పాప మరీ బిగించింది. ముసలామెకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వితే వినోదకూ వచ్చింది. వార్డులో అవతలి మంచాలవాళ్లు లేచి తొంగి చూశారు. వినోద బిడ్డ మీద గుడ్డ కప్పలేదు.